ఎనిమిదో వేలిముద్ర

మేస్త్రి నోరు విప్పితే గట్టు మీది కాకులు కూడా ‘ఇక చాల్లే’ అన్నట్టు లేచిపోయేవని ముఠాలో చెప్పుకునేవారు. ఒక ఏడు ఉల్లిగడ్డ ఎంత లావున ఊరిందంటే, కోసింది తనైతే కళ్ళనీళ్ళు పక్క ఊరివాళ్ళకు వచ్చాయట. ఇంకో ఏడు వాన ఎంత పలచగా పడిందంటే, చినుక్కీ చినుక్కీ మధ్య దారి చూసుకుని తడవకుండా ఇల్లు చేరాడట. ఈ కబుర్లు చెవిన పడనిదే అతని కింద పనిచేసే పదిమందికీ నడుం వంగేది కాదు.

అలాంటి మనిషికి అరవై దాటాక ఒకే ఒక్క నిజం చెప్పాల్సిన అవసరం పడింది. అదీ సర్కారు ఆఫీసులో. ఆ నిజమేమో అతను అప్పటిదాకా కోసిన కోతలన్నిటినీ తలదన్నేలా ఉంది.

వ్యవసాయ కూలీల సంక్షేమం చూసే ఆఫీసు అది. పనిచేసే వయసులో కూలీ పోతే, ఇంటివాళ్ళకు సర్కారు ఇచ్చే సాయం అక్కడే మంజూరవుతుంది. పొడుగాటి గది, ఇనుప బీరువాలు, తిరిగేకంటే ఎక్కువ మూలిగే ఫ్యాను. వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బల్ల. దానికి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద ఎవరిదో దరఖాస్తు ఫారం నాలుగు మడతలు పెట్టి దోపారు.

“ఇది ఎవరిదో పాపం! సాయం అందిందో లేదో గానీ బల్లకు మాత్రం అందింది” అన్నాడు మేస్త్రి.

పక్కన కూర్చున్న చెల్లెలు నవ్వలేదు. ఒళ్ళో కాగితాల సంచి పెట్టుకుని, దాని పిడిని మెలేస్తూ ఉంది.

చెల్లెలంటే తోడబుట్టింది కాదు. ముఠాలో చేరిన మొదటి రోజు ‘అన్నయ్యా, నా వరుస ఏది?’ అని అడిగింది. అంతే, ఆనాటినుంచి చెల్లెలే. ఆమె మొగుడు ఆ లెక్కన బావ. ముఠా మొత్తం అతన్ని ‘నిదానం’ అని పిలిచేది. నత్తతో పందెం వేస్తే నత్తను నొప్పించడం ఇష్టంలేక ఓడిపోయే రకం. పన్నెండేళ్ళు మేస్త్రి ఆ బావను ఏడిపించని పూట లేదు, ఆ బావ పెదవి చివర నవ్వి ఊరుకోని పూటా లేదు. ఆర్నెల్ల కిందట ఉల్లిచేలో, మధ్యాహ్నం మంచినీళ్ళు తాగుదామని వరుస చివర కూర్చున్నవాడు మరి లేవలేదు.

సాయానికి ఆర్నెల్లలోపు దరఖాస్తు చేయాలి. డాక్టరు కాగితం కోసం ఒక నెల, భార్యాభర్తలేనని రాసిచ్చే కాగితం కోసం రెండు నెలలు, ఆ కాగితంలో వయసు తప్పు పడితే దిద్దించడానికి ఇంకో రెండు. చెల్లెలు కాళ్ళు అరిగేలా తిరిగింది. ఇప్పుడు గడువు నాలుగు రోజులుంది. సాయం వస్తే పిల్లల చదువు నడిచిపోతుంది. రాకపోతే వచ్చే సోమవారం దూరపు తోటలకు పోయే లారీ ఎక్కాలి. తొమ్మిది నెలలు అక్కడే గుడిసెలో ఉండాలి. ఆడపిల్లలిద్దర్నీ బడి మాన్పించి వెంట తీసుకుపోవాలి. లారీవాడికి ఆదివారంలోగా మాటివ్వాలి.

ఇక మిగిలింది ఒక్కటే. పోయిన మనిషి నిజంగా కూలీ పనిలోనే ఉన్నాడని రుజువు. దానికి మేస్త్రి తన మస్టరు పుస్తకాన్నే, అదే, రోజూ కూలీల హాజరు వేసే పుస్తకాన్ని, అట్ట తుడిచి మరీ చంకన పెట్టుకొచ్చాడు. “ఇంతకంటే రుజువేముంది చెల్లెమ్మా! ఇందులో మా బావ రోజూ వేలు వేశాడు” అని దారంతా గొప్పలు పోయాడు.

పిలుపు వచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక గుమాస్తా అమ్మ. ప్రతి వరుస కిందా రూళ్ళకర్ర ఆనించి చదవడం ఆమె అలవాటు. కర్ర జరిగేదాకా కన్ను జరగదు. వచ్చేపోయేవాళ్ళు ఆమెకు ‘రూళ్ళకర్రమ్మ’ అని పేరెట్టారు. ఆమెకు తెలుసు, పట్టించుకోదు.

“ఈయన పోయింది ఏ రోజు?”

“నాలుగో తారీకండీ” అంది చెల్లెలు.

“డాక్టరు కాగితంలోనూ నాలుగే ఉంది.” రూళ్ళకర్ర మస్టరు మీద ఒక గడి పక్కకు జరిగింది. ఆగింది. “మరి ఐదో తారీకు పనికొచ్చారే?”

మేస్త్రి పుస్తకం మీదికి వంగి చూశాడు.

“ఆరు, ఏడు, ఎనిమిది...” కర్ర జరుగుతూనే ఉంది. “పన్నెండో తారీకు దాకా ఒక్క పూట మానలేదు. బతికున్నప్పుడు నెలకు రెండు నాగాలైనా ఉన్నాయి. పోయాక ఒక్కటీ లేదు. బాగా పనిమంతుడే!”

జరిగిందేమిటంటే, ఆ ముఠాలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా జ్వరమొచ్చినా, కాన్పు వచ్చినా, వాళ్ళ వరుసను మిగతావాళ్ళు తలో కాస్తా పంచుకుని పీకేసేవారు. దాన్ని ‘వరుస కప్పడం’ అనేవారు. సాయంత్రం ఆ మనిషి గడిలో వంతులవారీగా ఒకరు వేలిముద్ర వేసేవారు. కూలీ ఆ ఇంటికి చేరేది. నిదానం పోయిన మర్నాడు పొద్దున ముఠా చేలోకి దిగితే, అతని వరుస ఎదురుగా అలాగే ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలవాటుగా కప్పేశారు. అలవాటుగా వేలు వేశారు. చచ్చిపోయినవాడి వరుస కప్పకూడదని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు మరి. పన్నెండో తారీకుతో ఆ చేను అయిపోయింది. కొత్త చేనుకు కొత్త పుస్తకం వచ్చింది. పాత పుస్తకంలో నిదానం పేరు అలాగే, కొట్టివేత లేకుండా మిగిలిపోయింది. మేస్త్రికి ఆ సంగతే గుర్తులేదు. గుర్తుపెట్టుకోవడం ఇష్టంలేకపోయింది అనడం కూడా తప్పు కాదు.

“ఏమండీ మేస్త్రీ, మాట్లాడరేం?”

“అది... ఆయనకో కవల తమ్ముడున్నాడమ్మా” అన్నాడు మేస్త్రి. నోరు అలవాటు ప్రకారం ముందే బయల్దేరిపోయింది. “అచ్చుగుద్దినట్టు ఒకటే పోలిక. అన్న పోయాడని తెలిసి వచ్చి...”

రూళ్ళకర్రమ్మ కలం తీసింది. “కవల తమ్ముడి పేరు చెప్పండి. రాసుకుంటాను.”

చెల్లెలు మోచేత్తో ఒక్క పొడుపు పొడిచింది. మేస్త్రి మాట మార్చాడు.

“తమ్ముడు లేడమ్మా. ఆ వేలిముద్రలన్నీ నావే. ఎనిమిదీ నేనే వేశాను. ఏం చేసినా నన్నే చేయండి.”

“ఏదీ, ఎడమ చెయ్యి చూపించండి.”

ఉల్లి పనిచేసే చేతిని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. ఎడమచేత్తో గుత్తి పట్టుకుని కుడిచేత్తో కత్తి ఆడించి కాడలు కోస్తారు. కత్తి గుత్తి దాటిన ప్రతిసారీ ఎడమ బొటనవేలికే తగులుతుంది. ఏళ్ళ తరబడి తగిలి తగిలి ఒక్కొక్కరి వేలి మీద ఒక్కో గీతల ముగ్గు పడిపోతుంది. ముద్ర వేస్తే ఆ గాట్లు తెల్లగా, ఎవరివి వాళ్ళవే, కళ్ళజోడు లేకుండా కనిపిస్తాయి.

ఆమె మేస్త్రి వేలిని చూసింది. పుస్తకాన్ని చూసింది. “మీది అడ్డంగా ఒకటే గాటు. ఐదో తారీకుది మీదే. ఆరోది రెండు గాట్లు. ఏడోది మూలకు. ఎనిమిదోది... మీకు ఎనిమిది బొటనవేళ్ళున్నాయా?”

“పని ఎక్కువున్నప్పుడు మొలుస్తాయమ్మా” అన్నాడు మేస్త్రి.

ఆమె పెదవి ఒకసారి అదిరింది గానీ నవ్వు దాకా రానివ్వలేదు. “చూడండి మేస్త్రీ. ఈ పుస్తకం నిజమైతే డాక్టరు కాగితం అబద్ధం. అది నిజమైతే ఇది అబద్ధం. రెండూ పెట్టుకుని నేను సంతకం చేయలేను. నాలుగు రోజులు టైముంది. ఈ ఎనిమిది వేళ్ళూ ఇక్కడికొచ్చి ‘ఇది నాది’ అని ఒప్పుకోవాలి. దొంగ హాజరని తేలితే మాత్రం కూలీ కార్డులు ఏడాది పాటు రద్దవుతాయి. అది కూడా చెప్పి తీసుకురండి.”

కార్డు లేనివాణ్ణి ఆ చుట్టుపక్కల ఏ చేలోనూ పనిలోకి రానివ్వరు. ఏడాదంటే మూడు పంటలు.

తిరుగు బస్సు ఎక్కారు. కిటికీ పక్క కూర్చున్న చెల్లెలు ఎడమ బొటనవేలిని గుప్పిట్లో ముడుచుకుని ఉంది.

“వద్దన్నయ్యా” అంది చివరికి. “వాళ్ళనెందుకు ఇరికించడం? నేను లారీవాడికి సరేనంటాను. తొమ్మిది నెలలే కదా.”

“పిల్లలో?”

“పిల్లలు... వస్తారు.”

“పెద్దది నిన్న నాకు లెక్కలు చెప్పింది. నా వయసు చెప్తే, నేను చెప్పిన కథలన్నీ జరగాలంటే నేను నూట నలభై ఏళ్ళు బతికుండాలని తేల్చింది. అలాంటి బుర్రను లారీ ఎక్కిస్తావా?”



మర్నాడు మధ్యాహ్నం ముఠా రేకుల షెడ్డు నీడన డబ్బాలు విప్పుకుని కూర్చుంది. చెల్లెలు ఆ రోజు పనిలోకి రాలేదు. మేస్త్రి డబ్బా విప్పలేదు.

“నిదానం వరుస కప్పాం కదా ఎనిమిది రోజులు. ఆఫీసులో పట్టుకున్నారు. వెళ్ళి ఒప్పుకుంటేనే చెల్లెమ్మకు సాయం వస్తుంది. ఒప్పుకుంటే మన కార్డులు పోవచ్చు” అన్నాడు.

అందరూ తినడం ఆపి చూశారు. ముఠాలో ‘రేడియో’ అని పేరున్న అక్క వేళ్ళు నాక్కుంటూ, “ఊఁ, తర్వాత? ఏనుగు ఎప్పుడొస్తుంది ఇందులో?” అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. 

“నిజం చెప్పవయ్యా, మిట్టమధ్యాహ్నం ఎవరి చెవిలో పువ్వు పెడదామని?” అంది మళ్ళీ రేడియో.

మేస్త్రి డబ్బా ఇంకా విప్పలేదు. ఇరవై ఏళ్ళలో అతను కథను నాలుగు ముక్కల్లో ముగించడం, ముగించాక ఎవరి మొహం నవ్విందా అని చూసుకోకపోవడం వాళ్ళెప్పుడూ ఎరగరు. రేడియో మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

“కార్డు పోతే మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది మేస్త్రీ?” అన్నాడు పొడుగు. నిలబడితే తల రేకుకు తగిలే మనిషి అతను. “నా ఒక్కడి సంపాదనే.”

“తెలుసురా.”

“తెలిసే అడుగుతున్నావా?”

“తెలిసే అడుగుతున్నా.”

పొడుగు డబ్బా మూతపెట్టి చాలాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశాడు. “నిరుడు నా నడుం పట్టేసినప్పుడు నాలుగు రోజులు నా వరుస కప్పారు. అందులో రెండు రోజులు నిదానమే” అన్నాడు. పుల్ల పారేసి, “నాది ఆరో తారీకుది. ఎప్పుడు వెళ్దాం?” అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఏడోది రేడియోది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, అన్నిటికీ మనుషులు దొరికారు. మేస్త్రిది కలుపుకుంటే ఏడు. పన్నెండో తారీకు దగ్గర అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

“నాది కాదు.”

“నాదీ కాదు. ఆ రోజు నీ వంతు కాదూ?”

“నేను ఆ సాయంత్రం బస్తాలు ఎక్కించడానికి పోలా?”

మేస్త్రి తల గోక్కున్నాడు. ఆ సాయంత్రం తూకం బండి తొందరపెడుతుంటే పుస్తకాన్ని బస్తాల మీద వదిలి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గడి నిండి ఉంది. ఎవరేశారని అడగలేదు. ఒకవేళ నిదానమే వచ్చి వేసిపోయాడేమో అన్న ఆలోచన ఒకటి అతని బుర్రలో దూరబోయింది. ‘ఛీ, నా కథలు నాకే చెప్పుకుంటున్నానా’ అని దాన్ని తరిమేశాడు.

గడువు చివరి రోజు ఏడుగురూ పని మానుకుని ఆఫీసుకు వచ్చారు. పొట్టికాలు బల్ల మీద ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు కూర్చోగానే అది ఎగిరింది. కాగితాల సంచితో చెల్లెలు ముందు నిలబడింది.

రూళ్ళకర్రమ్మ ఇంకు ప్యాడు తెరిచింది. ఒక్కొక్కరినీ పిలిచి తెల్లకాగితం మీద వేలు వేయించింది. మస్టరు పక్కన పెట్టి గాటుకు గాటు పోల్చింది. రేడియో వేలేస్తూ, “అమ్మా, ఫోటో తీస్తున్నట్టు ఇంతసేపా? నా వేలు కూడా సిగ్గుపడుతోంది” అంది. పొడుగు వేలేసి, ఇంకు తుడుచుకోకుండా చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

“ఏడు సరిపోయాయి. పన్నెండోది ఎవరిది?”

ఫ్యాను మూలిగింది.

“ఎనిమిదో మనిషి లేకపోతే ఇంతమంది వచ్చినా లాభం లేదు. ఒక్కటి తేలకపోయినా పుస్తకం తప్పే.”

మేస్త్రి ఏదో ఒకటి అల్లేద్దామని నోరు తెరిచాడు. ఆశ్చర్యం, ఏమీ రాలేదు. జీవితంలో మొదటిసారి అతని సంచిలో కథ అయిపోయింది.

“నాదండీ” అంది చెల్లెలు.

ఎడమచెయ్యి చాపింది. బొటనవేలి నడుమ ఏటవాలుగా మూడు గాట్లు. పన్నెండో తారీకు గడిలో ఉన్నవీ అవే మూడు.

“సాయం అడిగేది మీరే, హాజరు వేసిందీ మీరేనా?” అంది రూళ్ళకర్రమ్మ. గొంతులో కోపం లేదు గానీ కర్ర కింద పెట్టేసింది. “ఎందుకు వేశారమ్మా?”

“ఆ రోజే మళ్ళీ పనిలోకి వచ్చానండీ.” చెల్లెలు తన వేలినే చూస్తూ చెప్పింది. “పన్నెండేళ్ళు ఆయన వరుస నా వరుస పక్కనే. ఆయనెప్పుడూ వెనకబడిపోయేవాడు. నాది అయ్యాక నేను ఆ చివరినుంచి ఎదురొచ్చేదాన్ని. ఇద్దరం నడిమిట్లో కలిసేవాళ్ళం. ఆ రోజూ మిగతావాళ్ళను ముట్టుకోనివ్వలేదు. నాది అయ్యాక అలవాటుగా ఆ చివరినుంచి మొదలెట్టాను. పీకుతూ పీకుతూ వస్తున్నాను, ఎంతకీ మనిషి ఎదురుకాడు. ఈ చివరి దాకా వచ్చేశాను.”

రూళ్ళకర్రమ్మ పన్నెండో తారీకు గడిని మళ్ళీ చూసింది.

“సాయంత్రం పుస్తకం బస్తాల మీద ఉంది. అందరి గడులూ నిండాయి, ఆయనది ఖాళీ. వరుస పూర్తయింది కదండీ. పూర్తయిన వరుసకు గడి ఖాళీగా ఎలా వదలను? అది తప్పని ఆ రోజు తోచలేదు. మొన్న మీరు చెప్పాక భయమేసి నోరెత్తలేదు. వీళ్ళు కార్డులు పణం పెట్టి వచ్చాక ఇంకా దాస్తే నేను మనిషినే కాను.”

రూళ్ళకర్రమ్మ మస్టరును పక్కకు జరిపింది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. “ఆ రోజుల తూకం చీటీలు ఉన్నాయా?”

మేస్త్రి తీగకు గుచ్చిన చీటీల గుత్తిని జేబులోంచి తీశాడు. ఆమె మళ్ళీ కర్ర అందుకుంది. మూడో తారీకు బస్తాలెన్ని, ఐదో తారీకు ఎన్ని, పన్నెండు దాకా ఎన్ని అని ఒక్కొక్కటీ చూసింది. రెండోసారి కూడా చూసింది.

“మనిషి తగ్గాడు. బస్తా తగ్గలేదు” అంది, తనతో తాను చెప్పుకుంటున్నట్టు.

“పని ఎగ్గొట్టి కూలీ తినలేదమ్మా మేం” అన్నాడు పొడుగు. “వరుస ఖాళీగా వదల్లేదు. పేరొక్కటే ఆయనది.”

ఆమె కలం తీసి రాసింది. చదివి వినిపించింది కూడా. మరణం నాలుగో తారీకే. ఆ తర్వాత ఎనిమిది రోజుల పని నిజంగానే జరిగింది, పేరు మాత్రం తప్పు పడింది. వేసినవాళ్ళు స్వయంగా వచ్చి ఒప్పుకున్నారు గనుక దాన్ని దొంగ హాజరుగా ఎంచనక్కర్లేదు. దరఖాస్తు గడువులోపు స్వీకరించి, సాయం మంజూరుకు పంపడమైనది.

“కార్డులకేం భయం లేదు. కానీ మేస్త్రీ, మస్టరు పుస్తకం ఇక మీ చేతిలో ఉండటానికి వీల్లేదు. ఇంకొకర్ని చూసుకోండి.”

“హమ్మయ్య, ఆ బరువు దిగింది” అన్నాడు మేస్త్రి. ఇరవై ఏళ్ళుగా ఒకటి కాకపోతే ఒకటి చంకన మోసిన పుస్తకం అది. మాట తేలిగ్గానే వచ్చింది గానీ చెయ్యి మాత్రం అట్టను వదల్లేదు.

“ఇంకొక్క పని. నాలుగో తారీకు దగ్గర ఆయన పేరు కొట్టేయాలి. రాసినవాళ్ళ చేత్తోనే కొట్టాలి.” ఆమె కలాన్నీ, తన రూళ్ళకర్రనూ అతని ముందుకు తోసింది.

ఇరవై ఏళ్ళలో ఎంతమంది పేర్లో కొట్టేశాడు మేస్త్రి. ఊరు మారినవాళ్ళవి, పోట్లాడి పోయినవాళ్ళవి. ఈ ఒక్క పేరు దగ్గరే కలం ఆనించి నిలబడిపోయాడు. వరుస కప్పింది చెల్లెమ్మ ఇంటికోసమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ ఎనిమిది రోజులూ పొద్దున హాజరు పిలుస్తూ ‘నిదానం!’ అని ఒక్క క్షణం ఆగి, ఎవరూ పలక్కపోతే ‘ఆఁ, వస్తాడులే మెల్లగా’ అనుకుని ముందుకెళ్ళడం ఎవరికోసమో అప్పుడు తెలిసొచ్చింది.

“కొట్టన్నయ్యా” అంది చెల్లెలు మెల్లగా. “ఆయన వస్తాడా, నీ పిచ్చి గానీ.”

గీశాడు. రూళ్ళకర్ర ఆనించి గీసినా గీత వంకరపోయింది. రూళ్ళకర్రమ్మ దాన్ని ఒకసారి చూసింది. ముద్ర తీసుకుని ఠప్పున వేసింది.

బయటికొచ్చాక ముఠా బస్సుకోసం గోడ నీడన నిలబడింది. అందరి బొటనవేళ్ళూ నల్లగా ఉన్నాయి. రేడియో ఆగలేక, “ఇంతకీ ఇక నీ కథలకు రోజులు చెల్లినట్టేనా మేస్త్రీ? పుస్తకం పోయింది, నోరు కూడా లాక్కున్నారా?” అంది.

“ఏం మాటలవి! అసలు కథ ఇప్పుడే కదా దొరికింది” అన్నాడు మేస్త్రి. “మా బావ ఉన్నాడు చూడు, చచ్చిపోయాక ఎనిమిది రోజులు పనికొచ్చాడు. ఒక్క నాగా లేదు. అబద్ధమంటే వెళ్ళి చూసుకోండి. సర్కారు ముద్ర ఉంది దానికి.”

పొడుగు పడీపడీ నవ్వాడు. మేస్త్రి మాత్రం నవ్వకుండా చెల్లెలి వైపు ఓరగా చూశాడు, మాట నొప్పించిందేమోనని.

ఆమె ఇంకు వేలిని గోడకు రుద్దుతోంది. రుద్దడం ఆపి, “ఆ ఎనిమిది రోజులూ పని ఎలా చేశాడన్నయ్యా?” అని అడిగింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

“ఎలా చేస్తాడు చెల్లెమ్మా, ఎప్పట్లాగే. ఒక గడ్డ పీకడం, దాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం, పక్కవరుసలో నువ్వెంత దూరం పోయావా అని తలెత్తడం. ‘కాస్త చురుగ్గా బావా, ఇప్పుడు నీకు అలుపు కూడా ఉండదు కదా’ అన్నాను. పెదవి చివర నవ్వి ఊరుకున్నాడు.”

“అబద్ధం” అంది చెల్లెలు. కళ్ళు తుడుచుకుంటే ఇంకు చెంపకంటింది. “పన్నెండో తారీకున?”

“పన్నెండో తారీకున నువ్వొచ్చావని తెలిసి, నీ ఎదుట వెనకబడితే బాగోదని పొద్దున్నే వచ్చి...”

బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. ఆమె అతని పక్కన కూర్చుని, “ఊఁ, పొద్దున్నే వచ్చి?” అంది.